నాయుడుగారు గీసిన చెయ్యి

కాలేజీ డిబేట్ పోటీల్లో మూఢనమ్మకాల మీద నేను రెండు పక్షాలా వాదించాను. చీటీలో ఏ పక్షం వస్తే ఆ పక్షం. వేదిక దిగాక మాత్రం నాది ఒకటే పక్షం. సాక్ష్యం లేనిదాన్ని నమ్మను. సాక్ష్యం ఉన్నదాన్ని కాదనను. దయ్యాలు, శకునాలు, జాతకాలు అన్నీ మొదటి మాట దగ్గరే ఆగిపోయేవి. ఇప్పుడు రాస్తున్నది రెండో మాటకు సంబంధించిన సంగతి. సాక్ష్యం నా బల్ల సొరుగులోనే ఉంది. దానితో ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

అప్పట్లో మేము ఢిల్లీ ఆర్.కె. పురంలో ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్నగారు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ కాలేజీ బ్యాండులో బేస్ గిటారు వాయించేదాన్ని. మామూలు గిటారుకంటే పొడుగైన మెడ, నాలుగే లావు తీగలు, చెవికంటే ముందు రొమ్ముకు తగిలే మంద్రస్వరం.

“ఆరు తీగల గిటారే ఇంత పొడుగుండదు కదే. నాలుగు తీగలకి ఇంత దుంగెందుకు? మిగతా రెండూ ఎవరెత్తుకెళ్లారు?” అని అమ్మ ఎగతాళి చేసేది.

కాలేజీ గిటారు పెద్ద చేతుల వాళ్లకోసం చేసినది. నా చెయ్యి చిన్నది. చిటికెన వేలు అందవలసిన మెట్టు ఎప్పుడూ అంగుళం దూరంలో ఉండిపోయేది. నా చేతి కొలతకు ఒకటి చేయించుకోవాలని ఏడాదిపాటు పోరి నాన్నగారిని ఒప్పించాను.

ఆయన సహోద్యోగి ఒకరు నాయుడుగారి పేరు చెప్పారు. విజయనగరం వైపు మనిషి. సైన్యంలో బ్యాండు వాద్యాలు బాగుచేసే పనిలో ముప్పై ఏళ్లు ఉండి, హవల్దారుగా రిటైరై, ఢిల్లీ శివారు వైశాలిలో స్థిరపడ్డారు. మెట్రో ఇంకా అక్కడిదాకా రాని రోజులు. రెండు బస్సులు, ఒక షేర్ ఆటో మారి వెళ్లాం. ఇంటి ముందుగదే ఆయన పనిచోటు. గోడకు ఉలులు, చిత్రికలు వరసగా, కవాతుకు నిలబెట్టినట్టు ఉన్నాయి.

కొలత తీసుకునే పద్ధతి ఆయనది ఆయనకుంది. బల్లమీద గోధుమరంగు కాగితం పరిచి, ఎడమచెయ్యి దానిమీద ఆనించమని, చుట్టూ పెన్సిలుతో గీస్తారు. తర్వాత గీసిన అరచేతి మధ్యలో మన చేత సంతకం చేయిస్తారు. సైన్యపు అలవాటు. సంతకం లేని కొలతతో ఆయన పనిముట్టు పట్టరు. ఆ కాగితాలన్నీ ఒక కట్టగా మేకుకు వేలాడుతుంటాయి.

“మెడ సన్నంగా ఉండాలి అంకుల్. నాలుగు వేళ్లూ అందాలి,” అన్నాను.

“నాకేటీ సెప్పకు తల్లీ. నీ సెయ్యే సెప్తాది,” అన్నారు.

నాకు ఆ మాట నచ్చింది. నాన్నగారికి ఇంకా నచ్చింది. “నాదీ గీయండి నాయుడుగారూ. ఇన్నేళ్లు ఫైళ్లమీద సంతకాలు చేసిన చెయ్యి ఏం చెప్తుందో చూద్దాం,” అని నవ్వుతూ తన కుడిచెయ్యి పెట్టారు. ఆయనా నవ్వుతూనే గీశారు. నాన్నగారూ సంతకం చేశారు. ఆ కాగితమూ కట్టలోకి వెళ్లింది.

ఇక్కడ నా పక్షాన ఉన్న బలహీనతను నేనే చెప్పాలి. సంతకం చేసేటప్పుడు నేను అరచేయి మధ్యభాగాన్నే చూశాను. వేళ్ల గీతలను చూసినట్టు జ్ఞాపకం లేదు. చెయ్యి మాత్రం బల్లకు పూర్తిగా ఆనించి ఉంది. అది నాకూ గుర్తుంది, నాన్నగారికీ గుర్తుంది.

మూడు నెలలకు గిటారు తయారైంది. టేకు ఒళ్లు, శీషం కర్ర మెడ, చేత్తో తీర్చిన బిరడాలు. అంత అందమైన వస్తువు అంతకుముందు మా ఇంట్లోకి రాలేదు. ఒళ్లో పెట్టుకుని చెయ్యి వేశాను. పట్టు కుదరలేదు.

మెడ అడుగున ఒక పక్కంతా లోతుగా చిత్రిక పట్టి ఉంది. చూపుడు వేలు, మధ్యవేలు ఉండేచోట బాగానే ఉంది. మిగతా రెండు వేళ్లు చాపితే ఆ పల్లం అంచు వాటిని తోసేస్తోంది. మెట్లు కూడా రెండు వేళ్లకే అందేటంత దగ్గరగా ఉన్నాయి. అది ఎవరి చెయ్యో గానీ నాది కాదు.

మరుసటి ఆదివారం నాన్నగారితో మళ్లీ వైశాలి వెళ్లాను. కాగితం చూపించమన్నాను. నాయుడుగారు కట్టలోంచి తీశారు. మధ్యలో నా సంతకం. చూపుడు వేలు, మధ్యవేలు తిన్నగా ఉన్నాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు రెండో కణుపు దగ్గర లోపలికి వంగి, పొట్టిగా ఆగిపోయాయి.

నా చెయ్యి ఆయన ముందు చాపాను. అయిదు వేళ్లూ తిన్నగా.

ఆయన చేతిని చూశారు, కాగితాన్ని చూశారు. “నాను గీసీటప్పుడు పెన్సిల్నే సూత్తానమ్మా, సెయ్యిని కాదు. కాయితం మీద ఇలగుంది. అలాటి సేతులు పటాలంలో బోలెడు సూసినాను. ఆడపిల్లని, అదెలగయిందని అడుగుతామేటి? అడగనేదు.”

నేను అక్కడ చేసినది డిబేట్. మూడే అవకాశాలున్నాయన్నాను. పెన్సిలు జారి ఉండాలి, లేదా కాగితం మారి ఉండాలి, లేదా తర్వాత ఎవరో గీత దిద్ది ఉండాలి. సంతకం నాదే కాబట్టి కాగితం మారలేదు. దిద్దిన గుర్తు లేదు. కాబట్టి పెన్సిలు జారింది. కొలత తప్పు.

“నువ్ సెప్పిందాంట్లో తప్పు నాకు దొరకట్నేదు,” అన్నారాయన. “మెడ మళ్లీ సేసిత్తాను. ఠీక్ హై?”

“కొలత తప్పని ఒక్క వాక్యం రాసివ్వండి అంకుల్. తర్వాత చేద్దురుగాని.”

“అది రాయనేను.”

నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేశారు. “పోనీలే అమ్మా, చేసిస్తానంటున్నారుగా.” నాకు గిటారుకంటే ఆ వాక్యమే ముఖ్యమైపోయింది. తప్పు ఒప్పుకోని మరమ్మతు నాకు అక్కర్లేదన్నాను. సాక్ష్యంగా కాగితం అడిగి తీసుకున్నాను. గిటారు బీరువా మీదికి చేరింది.

ఢిల్లీ కాలేజీ బ్యాండుల వాళ్లందరం రాసుకునే ఒక చర్చావేదిక అప్పట్లో ఇంటర్నెట్‌లో ఉండేది. అందులో జరిగినదంతా రాశాను. కాగితం ఫొటో పెట్టాను. ఒక్క కఠినమైన మాట లేదు. అందుకే అందరూ నమ్మారు.

తర్వాతి మే నెలలో, మధ్యాహ్నం కరెంటు పోయింది. కూలర్‌లో నీళ్లు సరిగా ఎక్కడం లేదని అమ్మ పొద్దుటినుంచీ అంటోంది. పక్క తలుపు తీసి, పంపుకు అడ్డుపడిన గడ్డి లాగడానికి ఎడమచెయ్యి లోపల పెట్టాను. స్విచ్చు కట్టేయలేదు. కరెంటు వచ్చి లోపలి ఫ్యాను రెక్కలు తిరిగాయి.

తెగినవి రెండు వేళ్ల నరాలు. ఆపరేషన్ చేశారు. నెలల తరబడి వ్యాయామాలు చేయించారు. ఉంగరపు వేలు, చిటికెన వేలు సగం వంగినట్టే ఉండిపోయాయి. ఇంతకంటే రావని డాక్టరు మర్యాదగానే చెప్పారు. కాలేజీ గిటారు పట్టుకుని చూశాను. ఒక్క పాట కూడా వాయించలేకపోయాను. బ్యాండు వాళ్లు నా స్థానంలో ఇంకొకరిని తీసుకున్నారు. వాళ్లను తప్పుపట్టను.

అప్పటికీ నాకు ఆ కాగితం గుర్తుకు రాలేదు. అడిగినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. నొప్పి ఉన్నవాడు పోలికలు వెతకడు, అంతే చెప్పగలను.

నవంబరులో చలి మొదలైంది. బీరువా మీదనుంచి దూది రజాయిలు దింపుతుంటే వాటి వెనక గిటారు కనిపించింది. దుమ్ము తుడుద్దామని ఒళ్లో పెట్టుకున్నాను. చెయ్యి దానంతటది మెడ మీదికి వెళ్లింది.

వంగిన రెండు వేళ్లూ ఆ పల్లంలో ఒదిగాయి. అంచు ఎక్కడా తగల్లేదు. మిగతా రెండు వేళ్లకూ మెట్లు అందాయి. తీగ మీటాను. యాంప్లిఫయర్ లేదు; టేకు చెక్క నా పక్కటెముకలకు ఆని మోగింది. ఒక పాట పూర్తిగా వాయించాను. మొదట కలిగినది భయం కాదు, సంతోషం. ఆ సంగతి దాచను. భయం పాట అయిపోయాక వచ్చింది.

ఫైలులోంచి కాగితం తీసి చెయ్యి దానిమీద పెట్టాను. నా కళ్లమీద నాకు నమ్మకం కుదరక నాన్నగారిని పిలిచి, చుట్టూ పెన్సిలుతో గీయమన్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, ఫైలుమీద నోట్ రాసేటంత శ్రద్ధగా గీశారు. నేను చెయ్యి తీశాను. కాగితం మీద రెండు గీతలు ఉండాలి. ఒకటే ఉంది, కాస్త నల్లబడి.

నాన్నగారు కళ్లద్దాలు తీసి పెట్టెలో పెట్టుకున్నారు. “టీ తాగుదామా?” అన్నారు. ఆ విషయం మీద ఆయన అన్నది అంతే.

మర్నాడు నేనొక్కదాన్నే వైశాలి వెళ్లాను. తలుపు తీసిన ఆంటీ, నాయుడుగారి భార్య, నన్ను గుర్తుపట్టారు. “నువ్వటమ్మా? ఇంకేటి మిగిలిందని రాయడానికి?” అన్నారు. నేను తలవంచుకుని లోపలికి వెళ్లాను. పనిబల్ల మీద ఇస్త్రీ బట్టలున్నాయి. ఉలులు గోడకు అలాగే ఉన్నాయి, నూనె రాసి.

నాయుడుగారికి నామీద కోపం లేదు. ఉంటే బాగుండేది. “నువ్ సెప్పింది నిజివేనమ్మా,” అన్నారు. “ఆలోసించి సూసినాను. నా కళ్లే తప్పినాయనుకున్నాను. అద్దాలు మార్పించినాను. అయినా సెయ్యి ఆడనేదు. కొలతలు మానీసినాను.”

ఆయన పని పోయింది నేను రాసినందువల్లేనని ఆ ఇస్త్రీ బట్టలు చూసి అనుకున్నాను. కాదు. నా వాదనకు ఆయన ఒప్పుకున్నందువల్ల.

క్షమించమన్నాను. కాగితం బల్లమీద పరిచి, నా చెయ్యి దానిమీద పెట్టాను. చర్చావేదికలో మళ్లీ రాస్తానని, ఆయన కొలత వెంట్రుకవాసి కూడా తప్పలేదని అందరికీ చెబుతానని అన్నాను. ఆయన ముఖంలో ఊరట చూడాలని అంత దూరం వచ్చాను.

ఆయన వంగి చాలాసేపు చూశారు. ఒక వేలితో గీత వెంబడి నా చిటికెన వేలు దాకా వచ్చి ఆగారు.

“అంటే నాను తప్పు గీయనేదు.”

“లేదు అంకుల్.”

“తప్పే అయితే బాగుణ్ణు తల్లీ.”

ఆయన లేచి మేకు దగ్గరికి వెళ్లారు. కట్ట ఇంకా అక్కడే ఉంది, నలభయ్యో యాభయ్యో చేతులు. తాడు చుట్టూ తిప్పి గట్టిగా ముడివేసి ఉంది. దాన్ని విప్పకుండా చేత్తో పట్టుకుని నావైపు తిరిగారు.

“మీ నాన్నగారిదీ ఇందులోనే ఉంది. తియ్యమంటావేటి?”

ఆధారం చూపించండి, మూలపత్రం ఎక్కడ, కళ్లతో చూడనిదే ఒప్పుకోను అని నేను ఎన్ని వేదికలమీద అన్నానో లెక్కలేదు. కట్ట నాకు మూరెడు దూరంలో ఉంది.

“వద్దు అంకుల్,” అన్నాను.

ఆయన దాన్ని తిరిగి మేకుకు తగిలించారు. ఆ తర్వాత కూడా ఏ చేతి చుట్టూ ఆయన పెన్సిలు పెట్టలేదు.

చర్చావేదికలో సవరణ రాశాను. కొలత సరైనదే, పొరపాటు నాది అని. “మరి ఫొటోలో వేళ్లు?” అని ఒకరు అడిగారు. ఆ ప్రశ్న ఇప్పటికీ అక్కడే ఉండి ఉండాలి, జవాబు లేకుండా.

వివరణల కోసం నేను వెతకకపోలేదు. ఆ రోజు తెలియకుండా వేళ్లు ముడిచానేమో. కానీ ముడిచిన వేళ్లకూ, కోతపడి అతుక్కున్న వేళ్లకూ గీత ఒకటే ఎలా అవుతుంది? ఆ కాగితాన్ని అన్నిసార్లు చూసినందువల్ల నా చెయ్యే దానికి తగ్గట్టు మానిందేమో. డాక్టరు నవ్వారు. యాదృచ్ఛికమేమో. దేన్నయినా ఆ మాటతో ముగించవచ్చు గనుక ప్రత్యర్థి ఆ మాటన్నప్పుడు నేనెప్పుడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు నాకోసం ఒప్పుకోలేను.

గిటారు రోజూ వాయిస్తున్నాను. ఇంకే వాద్యమూ నా చేతికి పట్టదు.

ఆ రోజు వైశాలి నుంచి వచ్చేసరికి నాన్నగారు వరండాలో పేపరు చదువుతున్నారు. ఏమన్నారని అడిగారు. చెప్పాను, చివరిది తప్ప.

“నా కాగితం కూడా ఉండాలే అక్కడ. ఉందా?” అన్నారు, పేజీ తిప్పుతూ.

“లేదు నాన్నా. అవన్నీ పారేశారట.”

తెలిసి తెలిసి ఆయనకు నేను చెప్పిన మొదటి అబద్ధం అది. ఇలాంటివాటిని నమ్మనని ఈ రోజుకూ ఎవరడిగినా చెబుతాను. మరి నమ్మనిదాని గురించి అబద్ధం ఎందుకాడాను? పేపరు పట్టుకున్న ఆ కుడిచేతివైపు చూడకుండా ఎందుకు లోపలికి వెళ్లిపోయాను? ఎంత వాదించుకున్నా నాకు అంతుపట్టలేదు.