ఊ కొట్టని కథ

మొన్న తార్నాక చౌరస్తాలో బస్సు దిగేసరికి ఒక అద్దాల తలుపుల హోటల్లోంచి సర్వపిండి వాసన వచ్చింది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గంజు గిన్నె అడుగున ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేసి మూతపెడితే వచ్చే ఆ మాడీమాడని కమ్మదనం నాకు మా అమ్మ చేతిది. ఇప్పుడు దాని బొమ్మ బోర్డుకెక్కింది. సంతోషమే. కానీ నాకు నోరూరడానికి ముందు ఒళ్లు మండింది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో నాకు తొమ్మిదేళ్లు. నాన్న యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు. కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన ఒక బ్యాంకు ఆఫీసరుగారి ఇంటి వెనక గదుల్లో అద్దెకుండేవాళ్లం. బంద్ అంటే బడి లేదు, బస్సుల్లేవు, ఎండకు కాగిన రోడ్డంతా మా తొక్కుడుబిళ్లకే. క్యాంపస్ వైపు నుంచి నినాదాలు, వెనకే ధన్ ధన్ మని చప్పుళ్లు, కళ్లు మండించే బాష్పవాయువు వచ్చాయంటే మాత్రం అమ్మ తడి కొంగుతో మా ముఖాలు తుడిచి లోపలికి తోసేది. అప్పుడు ఆఫీసరుగారి తల్లి, అందరికీ మామ్మగారు, వరండా గ్రిల్లుకు తడి దుప్పటి కట్టించి, మనవరాలు శిరీషనీ నన్నూ చుట్టుపక్కల పిల్లల్నీ కూర్చోబెట్టి కథ చెప్పేవారు. మేం ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోతుంది.

ఎంత బాగా చెప్పేవారో! రాజు, రాణి, మంత్రి మామ్మగారిలాగే మాట్లాడేవారు, చివరికి చిలుక కూడా. దొంగ ఒక్కడే నోరు తెరిస్తే "ఏందిర బై, గాడేమున్నది?" అనేవాడు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. అది మా ఇంట్లో మాట.

ఒకరోజు అమ్మ సర్వపిండి పళ్లెం తెచ్చి, "పిల్లలకు పెట్టుండ్రి, వేడిగున్నది" అంది. సరిగ్గా అప్పుడే కథలోకి దొంగ వచ్చాడు. పిల్లలు నవ్వుతూ అమ్మ వైపు చూశారు. అమ్మ పళ్లెం కింద పెట్టి తల వంచుకుని వెళ్లిపోయింది. నేను నోరు మూసుకున్నాను.

"ఊ కొట్టవేంటే?" అంది శిరీష.

"దొంగ మా అమ్మ లెక్క ఎందుకు మాట్లాడతడు?"

"కథేగా తల్లీ, సరదాకి" అన్నారు మామ్మగారు.

"అయితే నేను చెప్త" అని అదే కథ ఎత్తుకున్నాను. నా కథలో రాజు సింహాసనం మీంచి, "ఏమైంది బిడ్డా, గిట్ల రా, భయపడకు" అన్నాడు.

"రాజులు అలా మాట్లాడరు" అంది శిరీష.

"నువ్వు చూసినవా?"

"మరి దొంగో?"

"దొంగ మాట్లాడడు. దొరికినంక ఏడుస్తడు. అందరి లెక్కనే ఏడుస్తడు."

ఎవరూ ఊ కొట్టలేదు. కథ ఆగింది. చాలాసేపటికి మామ్మగారు మెల్లగా "ఊ" అన్నారు. మర్నాడు అమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, "మీ ఊళ్లో ఏం కథలు చెప్పుకుంటారమ్మా?" అని అడిగారు. అన్నేళ్లలో అమ్మ ఆ వరండాలో కూర్చోవడం అదే మొదలు.

ఆఫీసరుగారికి మాత్రం గిట్టలేదు. "చిన్నపిల్లకి కూడా ఉద్యమం నూరిపోశారే!" అని నాన్నను పట్టుకుని దులిపి, ఇల్లు ఖాళీ చేయమన్నారు. మేం మాణికేశ్వర్ నగర్‌కు మారిపోయాం. నాకు ఆ మాట మీద కోపం ఇవాళ్టికీ చల్లారలేదు. దొంగకు మా అమ్మ మాట తగిలిస్తే సరదా అట, తీసెయ్యమంటే ఉద్యమమట!

రాష్ట్రం వచ్చింది. మామ్మగారు పోయారు, ఆ వరండా ఉన్నచోట అపార్ట్‌మెంట్ లేచింది. మొన్న ఆ హోటల్లో సర్వపిండి పొట్లం కట్టించుకుని ఇంటికి వెళ్తే అక్క కూతురు ఫోన్‌లో కథ వింటోంది. రాజు పుస్తకంలా మాట్లాడాడు. దొంగ వచ్చాడు, "ఏందిర బై" అన్నాడు. వెనకాల నవ్వులు కూడా ఆ కథ తయారుచేసినవాళ్లే పెట్టారు.

పాప నవ్వలేదు. వంటింట్లో ఉన్న మా అమ్మ వైపు చూసి, "చిన్నమ్మా, వీడు అమ్మమ్మ లెక్క మాట్లాడుతుండు" అంది.

పాప ఊ కొట్టకపోయినా కథ ఆగలేదు. ఫోన్‌కు ఊ అవసరం లేదు. దొంగ మాట్లాడుతూనే ఉన్నాడు.