పోస్టర్ మీద మా అమ్మ

మా అమ్మను ఫోటో తీసిన రోజు నేను తాండాలో లేను. పుంగనూరులో ఆడపిల్లల హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ చదువుతున్నాను. మాది సదుం దగ్గర సుగాలీల తాండా. అవి తొంభైల చివరి రోజులు. మదనపల్లెలో ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు రక్తదానం గురించి ఊరూరా ప్రచారం చేస్తుండేవాళ్ళు. వాళ్ళ పోస్టర్లలో ఎర్రగా బుర్రగా ఉన్న పట్నం మనుషులు చెయ్యి చాపుకుని పడుకుని నవ్వుతుండేవాళ్ళు. తాండాల నుంచి ఒక్కరూ శిబిరానికి రావడం లేదట. సుగాలీ మనిషి బొమ్మ వేస్తే సుగాలీలు వస్తారని ఆ సంస్థలో ఎవరికో తోచింది.

వాళ్ళు జీపులో మా తాండాకు వచ్చి, టమోటా తోటలో కూలికి పోయి అప్పుడే ఇల్లు చేరిన అమ్మను అద్దాలు కుట్టిన పావడా, రవికె వేసుకోమన్నారు. అవి ఆమె పెళ్ళినాటివి, పెట్టె అడుగున ఉన్నవి. సున్నం కొట్టిన గోడ ముందు నిలబెట్టి, చెయ్యి చాపి నవ్వమన్నారు. దేనికని అడిగితే, "మంచి పనికేనమ్మా" అన్నారట. అమ్మకు చదువు రాదు. జీపు వెళ్ళిపోయాక ఆ బట్టలు మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టేసి, ఆ సంగతే మరిచిపోయింది.

నేనా పోస్టర్‌ను మొదట చూసింది పుంగనూరు బస్టాండులో. గోడ మీద మా అమ్మ నవ్వుతోంది. కింద లావుపాటి అక్షరాలు: "నేను రక్తం ఇచ్చాను. మరి మీరు?" దానికి అంచు ఆనించి ఎయిడ్స్ పోస్టర్ అంటించి ఉంది. ఒక పుర్రె, రెండు ఎముకలు, ఒక సూది. ఆ రోగం వస్తే చావేనని అప్పట్లో ప్రతి గోడా చెబుతుండేది. కాస్త దూరం నుంచి చూస్తే రెండూ ఒకే కాగితంలా ఉన్నాయి. పుర్రె మా అమ్మ భుజం మీద కూర్చున్నట్టుంది.

బస్సు కోసం నిలబడిన ఇద్దరాడవాళ్ళు దాన్నే చూస్తున్నారు.

"సూడమ్మా, ఈ సుగాలామెకు ఆ రోగమంట."

"అయ్యో! యాడామె?"

"సదుం తట్టంట. రక్తం తీసినప్పుడు సూదితో వచ్చిందంట."

ఆమె మా అమ్మ అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ వారం సెలవు పెట్టి తాండాకు వెళ్ళిపోయాను.

నాకంటే ముందే మాట అక్కడికి చేరింది. కూలికి పిలిచే మేస్త్రీ మా గుడిసె దాటి పోతున్నాడు. బోరింగు దగ్గర అమ్మ బిందె పెడితే మిగతా బిందెలు పక్కకు జరుగుతున్నాయి. మా పెద్దమ్మ కూడా గడప అవతలే నిలబడి మాట్లాడి పోయింది.

"యాడీ, నువ్వు నిజంగా రక్తం ఇచ్చినావా?" అని అడిగాను. మా భాషలో అమ్మను అలాగే పిలుస్తాం.

"లేదే! ఫోటో పట్టుకున్నారు, అంతే."

పోస్టర్ మీద ఏం రాసి ఉందో చెప్పాను. అమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

"ఇయ్యలేదు ఇయ్యలేదని ఊరంతా చెప్పుకుంటా తిరగాల్నా? ఎవురు నమ్ముతారు? ఇచ్చేస్తే ఆ మాట నిజమైపోతాది గదా. రక్తం తీసుకునేముందు పరీక్ష చేస్తారంట. రోగం లేదని వాళ్ళే చెప్తారు."

"వద్దు యాడీ."

"యాల?"

ఎందుకో చెప్పలేకపోయాను. మా నాయన టమోటా లారీల మీద క్లీనరుగా మదనపల్లె నుంచి మద్రాసుకు, బెంగళూరుకు తిరిగేవాడు. దగ్గి దగ్గి, పుల్లలా అయిపోయి, నోరంతా పుండ్లు పడి చనిపోయాడు. టీబీ అన్నారు. ఆ తర్వాత మా హాస్టలుకు ఒక డాక్టరమ్మ వచ్చి ఎయిడ్స్ గురించి చెప్పింది. లారీల మీద తిరిగేవాళ్ళ గురించీ, చిక్కిపోవడం గురించీ, నోటిపూత గురించీ ఆమె చెబుతుంటే నాకు నాయన పడుకున్న పక్క కనిపించింది. ఆ పక్కలోనే పడుకున్న అమ్మ కనిపించింది. అప్పటినుంచీ ఆ మాట నాలోనే దాచుకుని ఉన్నాను. ఇప్పుడు అమ్మ తనంతట తానే పరీక్షకు పోతానంటోంది.

ఆమెను ఆపలేకపోయాను. మదనపల్లె ఆసుపత్రిలో నర్సు అమ్మ వేలు పొడిచి, ఒక రక్తపు చుక్కను నీలం రంగు నీళ్ళున్న గాజు గ్లాసులో వదిలింది. చుక్క మునగాలి. మునగలేదు, తేలింది.

"నీకే రక్తం తక్కువుండాది గదమ్మా. నీ దగ్గర తీసుకోకూడదు," అంది నర్సు.

గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది నాకు. అమ్మ మాత్రం అక్కడే ఉన్న ఆ సంస్థ మనిషి వైపు తిరిగింది.

"నేను ఇచ్చేదానికే పనికిరానంటిరి. మరి ఇచ్చినానని యాల రాసినారప్పా?"

ఆయన తల దించుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా. రేపే అన్నీ పీకించేస్తాం," అన్నాడు.

"పీకొద్దు. ఇప్పుడు పీకితే నాకు నిజంగానే రోగం ఉండాదనుకుంటారు. నేను మళ్ళా వస్తాను."

నర్సు ఇచ్చిన ఐరన్ మాత్రలు అమ్మ మూడు నెలలు ఒక్క పూట మానలేదు. రాగి సంగటి, చెనిక్కాయలు, బెల్లం, చేలో దొరికిన ఆకుకూరలు ఆమె మందులా తింటుంటే, ఆదివారాలు హాస్టలు నుంచి వచ్చి చూసే నాకు భయం పెరుగుతుండేది. ఆమె బలపడే కొద్దీ పరీక్ష దగ్గరపడుతోంది. చివరికి మదనపల్లె వెళ్ళే బస్సులో ఇక దాచలేక, నాయన గురించి నా అనుమానమంతా చెప్పేశాను. సుగాలీ భాష చుట్టుపక్కల ఎవరికీ అర్థం కాదని తెలిసినా గొంతు తగ్గించే చెప్పాను.

పుంగనూరు దాటాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నాకేమన్నా అయితే నీకు ఎవురుండారు?" అంది.

ఆసుపత్రిలో ఆ మాట నర్సుకు కూడా చెప్పాను. ఆమె మంచి మనిషి. "అనుమానం ఉంటే రక్తం ఇవ్వకూడదు. ముందు పరీక్ష చేయించుకోండి. ఎవురికీ చెప్పను," అని చిన్న గొట్టంలోకి కొంచెం రక్తం తీసి, వారం తర్వాత రమ్మంది.

ఆ వారం నేను హాస్టలుకు వెళ్ళలేదు. అమ్మ తన గిన్నె, చెంబు వేరు పెట్టుకుంది. గుడిసెలో నాకు దూరంగా, తడిక పక్కన పడుకునేది. అలా అంటుకోదని డాక్టరమ్మ చెప్పిందని నేను ఎంత చెప్పినా వినలేదు. ఒకసారి నేను ఆమె చెంబెత్తి నీళ్ళు తాగబోతే నా చేతి మీద గట్టిగా కొట్టింది. చెంబు దొర్లిపోయింది. నన్ను ఆమె కొట్టడం అదే మొదలు. కొట్టి, తనే ఏడ్చింది. రాత్రి అమ్మ దగ్గితే నేను లేచి కూర్చునేదాన్ని. ఆమె పొయ్యి ముందు కూర్చుంటే చేతులు చిక్కాయేమోనని దొంగచూపులు చూసేదాన్ని. చూసిన ప్రతిసారీ చిక్కినట్టే కనిపించేవి.

వారం తర్వాత నర్సు మమ్మల్ని లోపలికి పిలిచి తలుపు వేసింది. తలుపు ఎందుకు వేస్తోందో నాకు తెలిసిపోయిందనుకున్నాను. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

"ఏం లేదమ్మా," అంది నర్సు.

"ఏం లేదంటే?"

"ఆ రోగం నీకు లేదు."

అమ్మ అడిగింది, "మరి నా మొగునికి?"

"అది ఇప్పుడు ఎవురూ చెప్పలేరమ్మా."

అమ్మ తల ఊపింది. మళ్ళీ వేలు పొడిచారు. ఈసారి చుక్క మునిగింది. మంచం మీద పడుకోబెట్టి సూది గుచ్చారు. పోస్టర్లో ఉన్నట్టు ఆమె నవ్వలేదు. పళ్ళు బిగపట్టి పైకప్పు చూస్తోంది. కింద సంచీ ఎర్రగా నిండుతుంటే నాకు కళ్ళు తిరిగి గోడకు ఆనుకున్నాను. నర్సు నాకే ముందు నీళ్ళిచ్చింది.

తాండా ఒక్కసారిగా మారలేదు. అమ్మ మరుసటి రోజు కూలికి పోయింది, ఆ మరుసటి రోజూ పోయింది. కింద పడిపోతుందేమోనని అందరూ చూశారు. పడలేదు. కొన్నాళ్ళకు మేస్త్రీ మా గుడిసె ముందు ఆగడం మొదలుపెట్టాడు. బోరింగు దగ్గర బిందెలు జరగడం మానేశాయి. మా పెద్దమ్మ లోపలికి వచ్చి కూర్చుంది.

ఆ సంస్థ వాళ్ళు ఆ తర్వాత తాండాల కోసం పోస్టర్లు వెయ్యలేదు. జీపులో తాండా తాండాకూ అమ్మనే తీసుకుపోయేవాళ్ళు. నేను కుప్పంలో నర్సింగ్ చదువుతున్నప్పుడు అక్కడి తాండాకు కూడా అమ్మ వచ్చింది. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. అమ్మ మైకు వద్దంది. అందరి మధ్యలో కింద కూర్చుని, మా భాషలో, పుర్రె పోస్టర్ నుంచి తేలిన చుక్క దాకా అంతా చెప్పింది. నాయన సంగతి ఒక్కటే చెప్పలేదు.

ఒక ముసలామె అడ్డు తగిలింది. "అంతా సరే. నీకు భయం కాలేదా?"

"అయింది. ఇప్పుడు తల్చుకున్నా అయితాది," అంది అమ్మ.

ఎవరూ నవ్వలేదు. భయం లేదని జీపు మైకులో చెప్పినప్పుడు లేవని మనుషులు, ఆ మాట విని పక్కనే వేసిన శిబిరం వైపు కదిలారు. చాలామంది కాదు, కొందరే. వాళ్ళలో ఆ ముసలామె కొడుకు ఉన్నాడు. నేనూ ఉన్నాను. అదే నాకు మొదటిసారి. చదువుకుంటున్నది నర్సింగే అయినా, రోజూ సూదులు పట్టుకునే చేతులే అయినా, నా చేతిని స్పిరిట్‌తో తుడుస్తుంటే చూడలేక ముఖం పక్కకు తిప్పుకున్నాను. పక్క మంచం మీద ఆ కొడుకు పడుకున్నాడు. ముసలామె అతని కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, సంచీ నిండేదాకా అతని పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. సూది తీసేశాక కూడా కాసేపు అలాగే కూర్చుని, తర్వాత కొడుకు ముఖంలోకి చూసి, "లేయ్, నడిచి సూపించు," అంది. అతను లేచి నడిచాడు.