రెండో వైపు మూడు చప్పట్లు

జాజ్ కొత్తగా వింటున్నవాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, తప్పక వినాల్సిన రికార్డులు ఏవని. ఫిజీ రాజధాని సువాలో మా ఆదివారం బృందానికి ఆ జాబితా తయారుచేసింది నేనే. ఇరవై రికార్డులు. ఒక్కోదాని పక్కన ఎందుకు వినాలో రెండేసి వాక్యాలు. నాది హెడ్ క్లర్కు ఉద్యోగం కాబట్టి స్టెన్సిల్ కొట్టేదీ, కాపీలు తీసేదీ, కొత్తగా చేరినవాళ్ళకు పంచేదీ నేనే. ఒక్కరూ మెచ్చుకోలేదు. అది వేరే సంగతి.

జాబితాలో మొదటిది ఒక శాక్సఫోన్ విద్వాంసుడి రికార్డు. శాక్సఫోన్, పియానో, బాస్, డ్రమ్స్, అంతే. రెండో వైపు ఒక నెమ్మదైన పాట ఉంది. మధ్యలో ముగ్గురు తప్పుకుంటారు, బాస్ ఒక్కటే మోగుతుంది. తర్వాత అదీ ఆగిపోతుంది. నాలుగు లెక్కపెట్టేంత సేపు ఏమీ వినపడదు. అప్పుడు శాక్సఫోన్ లోగొంతుకతో తిరిగి వస్తుంది. ఆ నిశ్శబ్దం కోసమే దాన్ని మొదట పెట్టాను. వాయించేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎక్కడ ఊరుకోవాలో ఈయనకు తెలుసు అని పక్కన రాశాను. ఇప్పటికీ అదే అంటాను.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఇలాంటివి సువా దుకాణాల్లో దొరికేవి కావు. హిందీ సినిమా పాటలు, చర్చి పాటలు, హవాయి గిటార్లు, అంతకుమించి ఏమీ లేవు. ఈ రికార్డు ఒక ఆస్ట్రేలియా బ్యాంకు ఉద్యోగి దగ్గర ఉంది. బదిలీ అయి వెళ్ళిపోతూ, సామాను ఓడకు పంపేముందు, ఒక్క ఆదివారం మధ్యాహ్నానికి ఇచ్చాడు.

మేం కలిసేది ఒక మందుల షాపాయన ఇంట్లో. ఆయన తాతా మా తాతా ఒకే ఓడలో చెరకుతోటల కూలీలుగా ఇక్కడికి వచ్చారు. ఈ దేశంలో అది చుట్టరికం కిందే లెక్క. మంచి గ్రామఫోన్ ఆయనదే, అందుకని బృందానికి తానే పెద్దననుకునేవాడు. టేపురికార్డరు నాది. వైరు కలిపి నేరుగా ఎక్కించుకునే వీలు అప్పుడు మాకు లేదు. స్పీకరు ముందు స్టూలు వేసి, మైకు పెట్టి, అందరం నోరు మూసుకు కూర్చోవాలి.

ఆ రోజు నేను ముందే చెప్పాను, రెండు వైపులా అయ్యేదాకా యంగోన కలపొద్దని. మా దగ్గర నలుగురు చేరితే మధ్యలో యంగోన చెక్కగిన్నె ఉండాల్సిందే. వేరు పొడి నీళ్ళలో పిసికి, కొబ్బరిచిప్పతో ఒక్కొక్కరికీ అందిస్తారు. చిప్ప అందుకునేముందు ఒక చప్పట, తాగాక మూడు. అరచేతులు గుల్లగా పట్టి కొడతారు, గదంతా మోగుతుంది. అందుకే వద్దన్నాను. మందుల షాపాయన నెత్తిన చెయ్యి పెట్టుకుని మరీ సరేనన్నాడు.

మొదటి వైపు బాగానే అయింది. రెండో వైపు మొదలయ్యాక మా బృందంలోని ఫిజియన్ పెద్దాయన వచ్చాడు. పోలీసు బ్యాండులో ట్రంపెట్ వాయించి, రిటైరై, హోటల్లో సొంత బ్యాండు నడుపుతుండేవాడు. మర్యాదస్తుడు, ఉత్త చేతులతో రాడు, యంగోన పొడి తెచ్చాడు. మైకు ముందు నోరు విప్పకూడదు కాబట్టి నా షరతు ఆయనకు ఎవరూ చెప్పలేదు. చప్పుడు లేకుండా కలిపి, మొదటి చిప్ప ఇంటాయనకు చాచాడు. బాస్ ఒక్కటే మోగుతోంది. నేను కళ్ళతోనే వద్దన్నాను. మందుల షాపాయన నన్ను చూశాడు, చూసే అందుకున్నాడు. ముందు కొట్టాల్సిన చప్పట మెల్లిగానే కొట్టాడు, ఒప్పుకుంటాను. తాగాడు. బాస్ ఆగింది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో, గుల్ల అరచేతులతో, మూడు.

మళ్ళీ పెడదామంటే బ్యాంకాయన కారు గేటు ముందుకొచ్చి హారన్ కొడుతోంది.

“ఇచ్చిన చిప్ప ఊరికే తాగేస్తే అవతలి మనిషికి అవమానం కాదా భైయా?” అన్నాడు మందుల షాపాయన.

“మరి నాకో?”

“నువ్వు మన ఇంటివాడివి కదా,” అని నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. గోధుమరంగు బుష్ షర్టు వేసుకున్నాడు ఆ రోజు.

నా టేపు నుంచి అందరూ కాపీలు చేసుకున్నారు. లౌటోకా వెళ్ళింది, రాకిరాకి వెళ్ళింది, లంబాసా దాటి వాయిలేవులో మా బంధువుల ఇంటిదాకా వెళ్ళింది. ఇచ్చిన ప్రతివాడికీ చెప్పాను, ఆ చప్పట్లు రికార్డులోవి కావని. తలలూపారు. వాళ్ళ దగ్గర కాపీ చేసుకున్నవాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

కొన్నేళ్ళకు పెద్దాయన మమ్మల్ని తను వాయించే హోటల్‌కు టీకి పిలిచాడు. బ్యాండు ఆ పాటే ఎత్తుకుంది. శాక్సఫోన్ వాయించే అతను మంచి పనివాడు. బాస్ ఆగింది. అందరూ వాద్యాలు పక్కన పెట్టి, గుల్ల అరచేతులతో మూడు చప్పట్లు కొట్టారు. టూరిస్టులు మురిసిపోయారు. మందుల షాపాయన మోచేత్తో నన్ను పొడిచి, “విన్నావా, నా భాగం,” అన్నాడు. టీ అక్కడే వదిలేసి లేచాను. పెద్దాయన వెనకాలే వచ్చి సర్దిచెప్పబోయాడు. కుర్రాళ్ళు టేపు విని నేర్చుకున్నారట, అది పాటలోదే అనుకున్నారట. తనకు తెలిసినా బాగుందని ఊరుకున్నాడట. ఏం బాగుంది? మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు.

అప్పుడు మొదలుపెట్టాను, సిడ్నీ దుకాణాలకు ఉత్తరాలు రాయడం. లేదన్నారు, అచ్చు ఆగిపోయిందన్నారు, కొందరు జవాబే ఇవ్వలేదు. రాస్తూనే ఉన్నాను. నాకు కావల్సింది ఒక్కటే. నేను జాబితాలో పెట్టిన రికార్డు ఏదో, అందులో ఏముందో వీళ్ళు ఒక్కసారైనా వినాలి. మూడో ఏడు పార్సెల్ వచ్చింది. ఆదివారం పట్టుకెళ్ళాను. ఈసారి చెక్కగిన్నెను స్వయంగా వంటగదిలో పెట్టొచ్చాను.

బాస్ ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. శాక్సఫోన్ వచ్చింది. వాళ్ళ మొహాలు చూశాను. ఒక స్కూల్ టీచరు పక్కవాళ్ళతో, ఇక్కడేదో ఖాళీగా ఉందే అన్నాడు.

“మన టేపే నయం,” అన్నాడు మందుల షాపాయన. “ఇందులో మనం లేం.”

“మీరు ఉండకూడదనే ఆయన అక్కడ ఆగాడు,” అన్నాను.

ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. పైగా జాబితాలో మొదటి రికార్డు పక్కన ‘మన బృందం టేపు వినడం మేలు’ అని చేర్చాలన్నారు. చేతులెత్తమన్నారు. ఏడు చేతులు లేచాయి. పెద్దాయన చెయ్యి అందరికన్నా చివర, నేలచూపులు చూస్తూ లేచింది. లేవకుండా మిగిలింది నాది. కొత్త స్టెన్సిల్ ఎప్పటికి కొడతావని కూడా నన్నే అడిగారు.

కొట్టాను. అన్నీ ఉన్నట్టే కొట్టాను, మొదటిది తప్ప. ఒకటి అంకె కూడా వెయ్యలేదు. జాబితా రెండుతో మొదలవుతుంది. వాళ్ళు గోల చేశారు. కావాలంటే మీరే టైపు చేసుకోండన్నాను. ఇన్నేళ్ళలో ఒక్కడూ ఆ పని చెయ్యలేదు. ఆ కాపీనే మళ్ళీ మళ్ళీ తీసి పంచుతున్నారు.

మొదటిది ఏమిటని అడిగేవాళ్ళను సువా పక్కనే వాలేలేవులో మా ఇంటికి రమ్మంటాను. పేరు ఎక్కడా రాయను, ఇక్కడ కూడా రాయను. వచ్చినవాళ్ళకు రెండో వైపు వినిపిస్తాను, నీళ్ళ గ్లాసు కూడా పెట్టను. కొందరు వచ్చారు. ఎక్కువమంది రాలేదు. ఎందుకో ఆలస్యంగా తెలిసింది. కొత్తవాళ్ళు అడిగితే మందుల షాపాయన, “మొదటిది వదిలెయ్, ఆయన్ని కదిపితే పూటంతా పోతుంది,” అంటున్నాడట.

ఆ మాట కూడా రాసి పెట్టుకున్నాను.