బాపు జేబులో చీపురు పుల్ల

గాజులైనా, గొళ్ళెమైనా, అమ్మ చెప్పులైనా మా నాన్న, బాపు, చీపురు పుల్లతోనే కొలత తీసేవాడు. సరిగ్గా అక్కడికి తుంచి, జేబులో పెట్టుకొని ఆత్మకూర్‌లో పట్నం బస్సెక్కేవాడు.

"పేరు మర్సిపోత బిడ్డా, కొల్త మర్వదు" అనేవాడు.

తొంభైల చివర్లో నేను కంప్యూటర్ టైపింగ్ షాపు పెట్టాలనుకున్నప్పుడు, సామాన్లు ఒక్కొక్కటిగా పట్నం నుంచి తెచ్చింది ఆయనే. ఒక బోర్డుకు పట్టే మెమరీ ఇంకోదానికి పట్టదని పేరు రాసిచ్చాను. కాగితం మడిచి పెట్టుకున్నాడు గానీ, బోర్డు మీద మెమరీ ముక్క దిగే గాడికి పుల్ల ఆనించి, మధ్యలో అడ్డమున్న చోట గోటితో గంటు పెట్టాడు.

"షాపుల నవ్వుతరు బాపూ" అన్నాను సిగ్గుపడి.

నవ్వారట. వాళ్ళిచ్చిన ముక్క పక్కన పుల్ల పెట్టి, "గంటు కాడ కలుస్తలేదు, ఇంకోటియ్యి" అన్నాడట. తెచ్చింది ఇట్టే కూర్చుంది.

చివరికి హార్డ్ డిస్కు ఒక్కటే మిగిలింది. దానికోసం వెళుతూ బస్సులోనే గుండె ఆగి పోయాడు. దవాఖానలో తిరిగిచ్చిన బాపు చొక్కా జేబులోంచి ఒక పుల్ల పైకి పొడుచుకొని ఉంది. దానికి గంటు లేదు.

దినాలయ్యాక దాన్ని గాడులకు, డబ్బాకు, తీగలకు అన్నిటికీ ఆనించి చూశాను. ఎక్కడా కలవలేదు. బాపు మొదటిసారి కొలత తప్పాడనుకున్నాను.

అమ్మ చూసి, "గా పుల్ల కంప్యూటర్‌ది కాదు బిడ్డా. నీ చెప్పు తెగింది జూసి, పొయ్యేముందుగాల దాని కొల్త తీస్కున్నడు" అంది.

పుల్లను నేల మీద పెట్టి, పక్కన పాదం ఆనించాను. మడమ నుంచి బొటనవేలి దాకా సరిగ్గా వచ్చింది.