బట్టమేక పిట్టకు వీపు పెట్టి కూర్చున్న రోజు

పిట్టల్ని చూడడానికి కూడా అర్జీ పెట్టాలని నాకు ముందు తెలియదు. సిద్దిపేటలో మాది బట్టల దుకాణం. ఆ రోజుల్లో ఐదుగురు కలిసి ఊరు దాటితే ఎక్కడికి, ఎందుకు అని సర్కారు ఆరా తీసేది. మా జట్టులో బడిపంతులు నర్సింహులుకు భయమెక్కువ. "అడిగి పోతే అడ్డముండదు సావుకారి" అన్నాడు. సరేనని నేనే ఉర్దూలో అర్జీ రాశాను. ఎంతమందిమి, ఏ రోజు, ఏ బీడు, అక్కడ ఏం చూస్తాం, అన్నీ రాశాను.

చూడాలనుకున్నది బట్టమేక పిట్టను. గొర్రెపిల్లంత ఎత్తు, పొడుగు మెడ. గూడు కట్టదు, ఒట్టి నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టి పొదుగుతుంది. తొగుట దిక్కున ఒక బీట్లో అది పొదుగుతోందని కల్లుగీసే మల్లాగౌడు కబురు చెప్పాడు. ఆ మాటా అర్జీలో పెట్టాను. వారానికి ముద్ర వేసిన అనుమతి కాగితం చేతికొచ్చింది.

వైశాఖంలో ఒక శుక్రవారం, అప్పట్లో బడికి సెలవు ఆ రోజే. పొద్దున ఐదింటికి బస్సు దగ్గరికి చేరాం. నేను, నా భార్య శాంతమ్మ, పంతులు, మందుల దుకాణం అన్నదమ్ములిద్దరు. యుద్ధం రోజులు కదా, పెట్రోలు దొరక్క బస్సు బొగ్గుతో నడిచేది. వెనక పొయ్యి రాజుకుని బస్సు కదిలేసరికి ఐదున్నర అయింది. మనిషికి కిరాయి నాలుగణాలు. పక్కన కూర్చున్న ముసలాయన నా మెడలో దుర్భిణి చూసి, "గదెందుకు?" అన్నాడు. పిట్టల్ని చూడ్డానికన్నాను.

"చూసుడేనా? తినరా?" అన్నాడు, నిజంగానే జాలిపడి.

ఆరున్నరకు తొగుట దారి చీలేచోట దిగాం. మల్లాగౌడు భుజాన మోకు, చేతిలో తాటిముంజల గెలతో కాచుకుని ఉన్నాడు. జొన్న కోసిన చేలు, అడుగడుగునా మోళ్లు. ఎవరైనా పోదలిస్తే మందమైన చెప్పులు వేసుకుని పోండి. కరెంటు తీగలు లేని ఆ చేలల్లో పాలపిట్టలు ఎండిన కొమ్మల మీద కూర్చున్నాయి. బీడు మొదలయ్యాక కాళ్ల కిందినుంచి పూరేళ్లు బుర్రున లేచి మమ్మల్ని హడలగొట్టాయి. పంతులు ప్రతిదాన్నీ నోటుబుక్కులో ఎక్కిస్తున్నాడు. శాంతమ్మకు దుర్భిణి అక్కర్లేదు. మేం దాన్ని సర్దుకునేలోగా ఆమె పిట్టను చూసేసేది.

ఎనిమిదింటికి మల్లాగౌడు ఒక తాటిచెట్టెక్కి చూసి గబగబా దిగాడు.

"పిట్ట గాడనే ఉన్నది సావుకారి. గని దొర మోటరు గూడ వస్తున్నది. తుపాకులు కనబడుతున్నయి."

ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ దొర చేతిలోవే. మోటరు ఆగగానే దొర ఉండే గడీ గుమాస్తా మా దగ్గరికి ఉరికొచ్చాడు. సంగతి అతని నోటనే విన్నాం. పట్నం నుంచి దొర చుట్టం వచ్చాడు, వేటకు ఏముందని అడిగాడు. సర్కారు కచేరీ నుంచి గడీకి చేరిన మా అర్జీని చదివి వినిపించారట. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. తుపాకికి దారి నేనే రాసిచ్చాను. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

"జరగున్రి, దూరం పోయి చూడున్రి," అన్నాడు గుమాస్తా.

వంద అడుగుల అవతల గడ్డిలో పిట్ట తల కనిపిస్తోంది. గుడ్డు మీదుంది, లేవడం లేదు. శాంతమ్మ నడిచిపోయి, పిట్టకూ మోటరుకూ నడుమ చతికిలబడి సద్దిమూట విప్పింది. మేమూ వెళ్లి ఆమె పక్కన వరుసగా కూర్చున్నాం, పిట్టకు వీపులు పెట్టి, తుపాకుల వైపు మొహాలు పెట్టి. మల్లాగౌడు కూడా కూర్చున్నాడు. ఆ దొర ఊళ్లోనే బతకాల్సిన మనిషి అతను.

"ఏందమ్మా గిది? దొరవారు వస్తున్రు, లేవున్రి!"

"బువ్వ తింటున్నం. తినేటోళ్లను లేపుతరా మీ గడీల?" అంది శాంతమ్మ, రొట్టె తుంపుతూ.

నేను అనుమతి కాగితం తీసి చూపించాను. పొద్దుగూకేదాకా ఆ బీట్లో ఉండొచ్చని సర్కారే రాసింది. గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివాడు. మోటరు దాకా పోయి మళ్లీ వచ్చి, "పేర్లు చెప్పున్రి," అన్నాడు.

నా భయమంతా పంతులు గురించే. ఆయనది సర్కారు నౌకరి. ఒక్క మాట పైకి పోతే కూడు పోతుంది. ఆ భయస్థుడే ముందుగా లేచాడు. తన పేరు, తండ్రి పేరు, బడి పేరు గట్టిగా చెప్పి, "మంచిగ రాసుకో, తప్పు పోవద్దు," అని మళ్లీ కూర్చున్నాడు. ఆ పూట ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది.

ఎండ మాడ్చేసింది. నీళ్లు అయిపోతే ముంజలు ఆదుకున్నాయి. మోటరు నీడలో దొర పక్కన కూర్చున్న చుట్టం గడియారం చూసుకుంటూ ఒంటిగంట దాకా ఓపిక పట్టి, పట్నం పోవాలని లేచాడు. దుమ్ము లేపుకుంటూ మోటరు పోయింది. అయినా మేం కదల్లేదు. కాగితంలో పొద్దుగూకేదాకా అని ఉంది కదా, పొద్దుగూకేదాకా కూర్చున్నాం.

దారి చీలేచోట మల్లాగౌడును అడిగాను, "దొర నిన్నేమైనా చేస్తే?"

"చెట్టు మీదున్నోన్ని ఏం జేస్తడు? దిగినప్పుడు చూద్దాం తియ్యి," అని నవ్వాడు. రోజూ రెండు పూటలా తాటిచెట్టెక్కుతాడు కాబట్టి పిట్ట మీద తన కన్ను ఉంటుందన్నాడు.

రాత్రి ఎనిమిదిన్నరకు మళ్లీ బొగ్గు బస్సే. పంతులు నా చెవిలో, "నౌకరి పోతే మీ దుకాణంల లెక్కలు రాయనిస్తవా?" అన్నాడు. రేపటినుంచే రమ్మన్నాను. అంతలో మందుల దుకాణం చిన్నవాడు నోరు జారి బట్టమేక మాట ఎత్తాడు. ముందు సీట్లో ఉన్న ఒక పెద్దమనిషి గిరుక్కున తిరిగాడు.

"ఏడ చూసిన్రు? మా ఇంట్ల బందూకున్నది."

"మర్కూక్ దిక్కు," అన్నాను నేను. "ధూళిమిట్ట," అన్నాడు పంతులు అదే క్షణంలో. అన్నదమ్ములు చెరో ఊరు చెప్పారు. శాంతమ్మ ఎవరూ వినని ఊరేదో చెప్పి కిటికీలోంచి బయటికి చూసింది.

అంత దూరం పోయి ఆ పిట్టను నేను కళ్లారా చూసింది పట్టుమని పది నిమిషాలు కూడా ఉండదు. మిగతా పొద్దంతా తుపాకుల్నే చూశాను. అయినా అంత మంచి ప్రయాణం నేను మళ్లీ చేయలేదు. యాత్ర రాసేవాడు వెనక వచ్చేవాళ్లకు దారి చెప్పాలంటారు. బస్సు వేళ చెప్పాను, కిరాయి చెప్పాను, చెప్పుల సంగతీ చెప్పాను. తొగుట దిక్కున బీళ్లకు కొదవలేదు, ఓపికుంటే వెతుక్కోండి. ఆ బీడు పేరు మాత్రం రాయను. ఒకసారి రాశాను, చాలు.