సార్ వేయించిన వాలు

సార్ పోయిండ్రని మొన్న పొద్దుగాల ఆయన బిడ్డ ఫోన్ చేసింది. ఏడ్చిన. ఏడ్పు అయినంక కోపమొచ్చింది, అది ఇంకా దిగలే. మీతోని చెప్పుకుంటే దిగుతదేమో.

సంతోష్‌నగర్ దిక్కు మా ఇంజనీరింగ్ కాలేజీల నాకు మెకానికల్ చెప్పిన సార్ ఆయన. పారే నీళ్లల్ల సుడులెట్ల పుడ్తయి, ఎట్ల చెదిరిపోతయి, గదే ఆయన పరిశోధన. టర్బులెన్స్ అంటరు. దానికోసం ల్యాబ్‌ల పొడుగాటి అద్దాల కాలువ కట్టిండ్రు. కాలేజీ కొనియ్యనంటే మొఘల్‌పురాల అద్దాలు తనే కోయించుకున్నరు. ‘ఇత్తా లంబా! మచ్లియాఁ పాల్తే క్యా సాబ్?’ అని దుకాణం భాయ్ అడిగిండంట. చేపలు కాదు భాయ్, సుడులు పెంచుతా అన్నరంట సార్. నేల గూడ మేస్త్రీ పక్కన కూసోని వాలుగ వేయించిండ్రు, ఎక్కడ ఒలికినా నీళ్లు మూలకున్న జాలీలకు పోయేటట్టు.

మమ్ముల మొదటి నెల కంప్యూటర్ ముట్టనియ్యలే. కాలువల రంగు చుక్క వేసి, అది తిరిగే తీరు పెన్సిల్‌తోని గీయాలె. నేనొక సుడిని పుస్తకంల బొమ్మలెక్క గుండ్రంగ గీస్తే, రబ్బరు నా చేతుల పెట్టిండ్రు. కోస్తా నుంచి వచ్చి ఇన్నేండ్లయినా సార్ మాట మారలే. "తెలిసింది కాదు, చూసింది గియ్యి" అన్నరు.

ఆ పరిశోధన పేపర్ల తన పేరు గూడ పెట్టుమన్నడు అప్పటి మా హెడ్డు. అందరూ పెట్టేటోళ్లే. సార్ మాత్రం, "చెయ్యి తడవని వాళ్ల పేరెందుకండీ?" అన్నరు. ఇగ అంతే. ప్రొఫెసర్ పోస్టుకు పోయిన ప్రతిసారి ఏదో ఒక కాయితం తక్కువైతుండె. అసోసియేట్‌గనే రిటైరయిండ్రు. వారం తిరగకముందే కాలువ పగలగొట్టి ల్యాబ్‌ను సెమినార్ హాల్ చేసిండ్రు. నేను అప్పటికి అక్కడ్నే పాఠాలు చెప్తున్న. నోరు తెరవలే. నా పేపర్ల మీద ఆ హెడ్డు పేరుంది మరి.

సంతాప సభ ఎక్కడ పెట్టిండ్రనుకున్నరు? ఆ హాల్‌లనే. ఫ్లెక్సీ మీద సార్ పేరు ముంగట ఇంత లావు అక్షరాలతోని ‘ప్రొఫెసర్’. బతికున్నప్పుడు ఇయ్య చేతగాలే, ఇప్పుడు రాసిండ్రు. అప్పటి హెడ్డు ఇప్పుడు ప్రిన్సిపాల్. మైక్ పట్టుకోని, మేమిద్దరం కలిసి చేసిన పరిశోధన అన్నడు.

నా వంతు వచ్చింది. మైక్ తీసుకున్న.

"సార్ ప్రొఫెసర్ కాలేదు, కానియ్యలే" అన్న. "కాలువల తడిసింది సార్ చెయ్యి, ఈయనది కాదు. నా పేపర్ల మీద ఈయన పేరు నేనే రాసిన. భయపడి రాసిన."

ప్రిన్సిపాల్ మైక్ గుంజుకోబోతే టేబుల్ మీది స్టీల్ జగ్గు దొర్లింది. కొత్త కుర్చీలు వేసిండ్రు గని నేల పాతదే. నీళ్లు కుర్చీల కిందికెల్లి పారుతుంటే అందరూ కాళ్లు ఎత్తుకున్నరు. సార్ బిడ్డ ఎత్తుకోలే, వంగి చూసింది. ఫ్లెక్సీ కింద మూలకు జాలీ అట్లనే ఉంది. నీళ్లు ఆడికి పోయి, మెలి తిరుగుకుంట దిగుతున్నయి.

సభల పంచిన కాయితం వెనక్కి తిప్పి, పెన్ను తీసి ఆ సుడిని గీసిన. వంకరగ వచ్చింది. అది ఉన్నది గూడ వంకరగనే.