బాబాయి మిషను వేగం

మొన్న గుడివాడలో నీళ్ల మోటారు బాగుచేయించడానికి ఓ రిపేరు షాపులో కూర్చున్నాను. అక్కడి డ్రిల్లింగ్ మిషను మూత లోపల ఒక రేకు అంటించి ఉంది. పట్టా చక్రంలో ఏ మెట్టు మీద ఉంటే బెజ్జం వేసే కదురు ఎంత వేగంగా తిరుగుతుందో దాని మీద అంకెల్లో అచ్చువేసి ఉంది. మెకానిక్కు దాని వంక చూడనైనా చూడకుండా పట్టా మార్చేశాడు. ఆ రేకుముక్కలో ఉన్న సంగతి కోసం ఒకప్పుడు మేమెంత అవస్థపడ్డామో చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ అతను అప్పటికే కూలి ఎక్కువ చెప్పి ఉన్నాడు. కబుర్లలో పడి కాస్త దగ్గరైతే ఇక తగ్గించమనడానికి నోరు రాదని ఊరుకున్నాను. ఇంత వయసొచ్చినా నా బుద్ధి అంతే.

మాది బందరులో కిరాణా దుకాణం. మా ఇంట్లో పిల్లలకి మాటలకంటే ముందు బేరం వచ్చేది. మా నాన్న తమ్ముడు ఒక్కడే తప్పిపుట్టాడు. త్రాసు వదిలేసి, తనింటి వెనక రేకుల షెడ్డు వేసి, ఎక్కడో పాతసామాన్లలో దొరికిన డ్రిల్లింగ్ మిషనుని ఆయిల్ ఇంజనుకి తగిలించుకున్నాడు. గుడివాడ నుంచీ పామర్రు నుంచీ రైసు మిల్లుల వాళ్లు ఇనప సామాను తెచ్చి బెజ్జాలు వేయించుకునేవారు. ఆయన చెప్పిందే ధర. మా నాన్నకి అది కులం తప్పినంత అవమానం. వాడికి బేరమాడటం రాదు, ఎదుటివాణ్ని ఆడనివ్వడమూ రాదు అని భోజనాల దగ్గర వాపోయేవాడు.

యుద్ధం రోజుల్లో బాబాయి జ్వరం తగిలి పోయాడు. పిల్లల్లేరు. మిషను నాకు వచ్చింది. పిన్ని ఎక్కడ ఉండాలన్నదే తేలలేదు. దివిసీమ నుంచి ఆమె అన్నగారు వచ్చి తీసుకెళ్తానన్నాడు. వదినగారి చేతికింద బతకడం ఆమెకి ఇష్టం లేదు. "షెడ్డు నడిస్తే నా ఇంట్లో నేనుంటాను కదరా అబ్బాయ్," అంది. నడిపిస్తానన్నాను, అరటిగెల బేరం చేసినంత తేలిగ్గా.

మిషను తలమీద మూడు మెట్ల చక్రం ఉండేది. దూలం కింద ఇంజను తిప్పే ఇరుసు మీద అలాంటిదే ఇంకొకటి, తలకిందులుగా. రెంటినీ కలుపుతూ తోలు పట్టా. బెజ్జం వేసే బర్మా లావుగా ఉంటే నిదానంగా తిరగాలని, సన్నదైతే జోరుగా తిరగాలని బాబాయి అనగా విన్నాను. ఏ మెట్టు నిదానమో, ఏది జోరో మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. దుకాణంలో పెరిగినవాడికి తెలిసిన లెక్క త్రైరాశికం ఒక్కటే: వీశెకి ఇంతైతే రెండు వీశెలకి దానికి రెట్టింపు. కాబట్టి కదురు మీద చక్రం పెద్దదైతే వేగమూ పెద్దదే అని తీర్మానించాను. లావు బర్మా బిగించి, నిదానం కోసమని నడిమి మెట్టుకి దించాను. మిషను కీచుమంది. బర్మా మొన నీలం తిరిగి మొద్దుబారిపోయింది. ఇంకా నిదానం కావాలేమోనని అన్నిటికంటే చిన్న మెట్టుకి దించాను. రెండో బర్మా ఇంకా తొందరగా కాలింది. యుద్ధం మూలంగా మద్రాసు నుంచి కొత్తవి రావడం ఎప్పుడో ఆగిపోయింది. పెట్టెలో లావుది ఒకటే మిగిలింది.

వంటింట్లోంచి పిన్ని వచ్చింది. మొగుడు పోయి ఏడాది తిరగని మనిషి గడప దాటి, బెజ్జాల కోసం వచ్చిన మగవాళ్ల మధ్యకి రావడమేమిటని వీధివాళ్లు తర్వాత చాలా అన్నారు. "మీ బాబాయి చేతిలో ఇది ఇలా ఏడ్చేది కాదురా," అంది. ఇంజను ఆపేశాను. ఏం చెయ్యాలో తోచక, ఆమెనడిగి రవికలు కుట్టుకునే దారపుండ తెప్పించి, కదురుకి దారం కట్టాను. కొస ఆమె పట్టుకుంది. పైనున్న ఇరుసుని చేత్తో ఒక్క చుట్టు తిప్పాను. చిన్న మెట్టు మీద దారం గబగబా చుట్టేసుకుంది. పెద్ద మెట్టు మీద ఒక్క చుట్టయినా నిండలేదు. అప్పుడు గుర్తొచ్చింది, బళ్లో పంతులుగారు వ్యస్త త్రైరాశికం అని ఇంకొకటి కూడా చెప్పారని. ఒకటి పెరిగితే రెండోది తరుగుతుంది. అలాంటి లెక్కతో మా దుకాణంలో ఎవరికి పని?

పట్టా పెద్ద మెట్టుకి ఎక్కించి, ఉన్న ఒక్క బర్మా బిగించి, దేవుడికి దణ్ణం పెట్టుకుని ఇంజను తిప్పాను. మిషను గుర్రుమని, నిండుగా, తాపీగా పలికింది. ఇనుము జంతికల్లా చుట్టలు చుట్టుకుంటూ బయటికొచ్చింది. నా అంతటివాడు లేడనుకుంటూ పొద్దెక్కేదాకా బెజ్జాలు వేసి, అన్నానికి లోపలికి వెళ్లాను.

పిన్ని వడ్డించలేదు. గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"అన్నయ్యకి కబురు పెట్టరా. వెళ్తాను."

షెడ్డు నడుస్తోంది కదా పిన్నీ అన్నాను.

"తప్పు చప్పుడు వస్తున్నంతసేపూ ఎవరో పరాయివాడు పని చేస్తున్నాడనుకున్నాను. ఇప్పుడు అచ్చం ఆయన చప్పుడే. పొద్దుటి నుంచీ, ఇంకా భోజనానికి లేవరేమిటా అనిపిస్తోందిరా."

ఒక ఏడాది చూడమన్నాను. ఆర్నెల్లన్నాను. కోతలయ్యేదాకా అన్నాను. చివరికి వారానికి దిగాను. బజారులో ఎదుటివాణ్ని దించే పద్ధతిలో నన్ను నేనే దించుకుంటూ పోయాను. ఆమె మాత్రం మొదటి మాట మీదే ఉంది. పోనీ రోజూ తప్పు మెట్టు మీదే నడుపుతాను, సరేనా అన్నాను. అప్పుడు నవ్వింది. "ఉన్న ఒక్క బర్మానీ కాల్చేస్తావా," అంది. బాబాయి పోయాక ఆమె నవ్వగా చూడటం అదొక్కసారే.

రేవు దాకా వెళ్లి పడవ ఎక్కించి వచ్చాను. కృష్ణ పాయ అవతలి ఒడ్డున అన్నగారి బండి నిలబడి ఉంది. పడవ సగం దాటేదాకా ఆమె వెనక్కి తిరగలేదు. తర్వాత తిరిగిందో లేదో, నాకు కళ్లు కనబడలేదు.

షెడ్డు చాలా ఏళ్లు నడిపాను. మొదట్లో పట్టా సరైన మెట్టు మీద పడినప్పుడల్లా నా వెనక ఆయన నిలబడ్డట్టే ఉండేది. మధ్యాహ్నం ఇంజను ఆపాలంటే చెయ్యి వెనకాడేది. తర్వాత ఎప్పుడో అది వట్టి మిషను చప్పుడైపోయింది. బాబాయి పోయిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ చప్పుడులోంచి కూడా ఆయన ఏ రోజున వెళ్లిపోయాడో, కాలం నాకు తెలియనివ్వలేదు.